శివారు కబురు

నర్సాపురంలో, లాకుల పక్క వీధిలో
ఒకప్పటి లేసుల గోడౌను ఇప్పుడు మా షెడ్డు.
కిటికీలకు పట్టాలు, తలుపుకి రబ్బరు అంచు,
మూల తడి తాగే యంత్రం రేయింబగళ్ళు గురక.
మా శత్రువు తేమ.
అదేమో ఇక్కడ గాలికి ఇంటిపేరు.

చేసేదేమిటంటారా,
అగ్గిపుల్ల కన్నా సన్నని గొట్టం,
దాని నడుమ రోడియం తీగ,
రెంటికీ మధ్య ముగ్గుపిండిలాంటి తెల్లటి పొడి.
రియాక్టరు కడుపులో, మనిషి చెయ్యి పెట్టలేని చోట
న్యూట్రాన్ల జల్లు ఎంత పడుతోందో
బ్యాటరీ లేకుండా తనంతట తానే చెప్పాలి.

తీగ లాగింది కొమ్మోజు వీరబ్రహ్మం.
"ఇది బంగారం కాదమ్మా, అలిగిన అల్లుడు,
కాచి లాగాలి, బతిమాలి లాగాలి."
రాలిన రజను కుంచెతో ఎత్తి
తూచి మరీ అప్పజెప్పాడు.

పొడి కూరింది సువార్త.
తను అల్లిన లేసుల మీద
ఏ దేశంలో ఎవరు కప్పులు పెట్టుకున్నారో ఆమెకు తెలీదు.
ఈ గొట్టం ఎక్కడ దిగుతుందో కూడా అడగదు.
వేళ్ళకు మాత్రం తెలుసు, ఎక్కడ గుల్లగా ఉందో.

ఆగస్టులో పదకొండు గొట్టాలు పోయాయి.
మెగ్గరు ముల్లు తల వాల్చేసింది.
వరద చూద్దామని తలుపు తీసింది నేనే,
ఒక్క నిమిషం.
లాగ్‌బుక్కులో నా పేరే రాశాను.

తర్వాత ఇంకో చిక్కు.
రోడియం వెంటనే పలకదు.
నలభై రెండు సెకన్లకు సగం మాట,
మరో నలభై రెండుకి మిగిలినదాంట్లో సగం.
"అంతసేపు ఆగలేం" అని ఆర్డరిచ్చినవాళ్ళ ఉత్తరం.
మూడు వారాలు కాగితాలు నలిపాను.

లస్కరు పెద్దింట్లు లాకు గట్టున బీడీ ఆర్పుతూ ఉంటే
ఊరికే అడిగాను,
ధవళేశ్వరంలో తలుపెత్తిన సంగతి
ఈ శివారులో నీకెప్పటికి తెలుస్తుందని.
"నీళ్ళొచ్చాక చూసేవోడు లస్కరేటండీ?
ఎంత పెరిగిందో కాదు,
ఎంత వడిగా పెరుగుతోందో చూడాలి.
పైన ఎంతొదిలారో దాన్లోనే ఉంటది, ఆయ్."

పరుగున వచ్చి రాశాను.
ఉన్న మట్టం, దానికి పెరిగే వడిని కలుపు.
రెండు పంక్తుల సమీకరణం.
మర్నాడు పరీక్షలో
ప్రతి చిన్న వణుకూ వరదై కూర్చుంది.
మళ్ళీ గట్టుకి వెళ్ళాను.
"పడవ పోతే అల లేస్తది గదా,
దానికి తలుపులు దింపేసుకుంటామా?
కొంచెం ఆగండి మరి."
ఆ కొంచెం ఎంతో తేల్చడానికి
దీపావళి దాటింది.

పెట్టెలు సర్దుతుంటే వీరబ్రహ్మానికి చెప్పాను,
కబురు చెప్పిన ప్రతిసారీ
తీగలో కాస్త రోడియం పల్లాడియం అయిపోతుందని,
చెబుతూ చెబుతూనే అరిగిపోతుందని.
చాలాసేపు మాట్లాడలేదు.
ఒక లోహం ఇంకో లోహమవడం అతనికి వింత కాలేదు.
"మరి ఆ తరుగు
ఎవరి ఖాతాలో రాస్తారు?" అన్నాడు.

పెట్టె మీద 'తడి తగలనీయకండి' అని రాసి
వానలోనే ఆటో ఎక్కించాం.
సువార్త తన గొడుగు దానికి పట్టింది.