స్కేలు ఇక్కడనే పెట్టిపో

హనుమకొండ కాడ ఒక బస్సు, భూపాలపల్లి కాడ ఇంకో బస్సు,
మాదేవపురం దాక వచ్చినవు.
సంచిల స్కేలు, కాయిదాలు, పటం.
కూసో. ముందుగాల చాయ్ తాగు.

దసలి రెక్క ఎంతుంటదని అడుగుతున్నవు.
నా అరచెయ్యి చాపితే
చిటికెన వేలు కాడ మొదలై
బొటనవేలు దాటిపోతది ఆడిది.
పండి రాలే ముందటి మద్దాకు రంగు.
మగది చిన్నది, ఇటుక పొడి రంగు,
దాని మీసాలు సూడు,
ఈతాకు చీరి దువ్వెన చేసినట్టు.

నాలుగు రెక్కలకు నాలుగు కండ్లు.
కండ్లనే అంటరు గని అవి సూడవు,
రంగు పుయ్య మరిచిపోయిన జాగలు.
నడుమ పట్టుకుంటే
ఆ సందుల నుంచి నీ కన్నొక్కటి అవుపడ్తున్నది,
నిద్రలేక ఎర్రగ.

దానికి నోరు లేదు. రాసుకో.
పురుగుగ ఉన్ననాడు తిన్నదే ఆఖరు తిండి.
అది తిన్నన్ని రోజులు నేను వడిసెల పట్టుకొని
మద్ది చెట్ల నడుమ
కాకులతోని, కందిరీగలతోని, చీమలతోని కొట్లాడిన.
నా భుజం నొప్పికి నీ కాయిదంల గడి ఉన్నదా?

ఇగ ఏడేడ ఉంటదని పటం పరిచినవు.
పచ్చరంగు ఉన్నకాడల్ల ఉంటదట:
జార్ఖండు, ఒడిశా, బస్తరు.
మా దిక్కు వచ్చేసరికి రంగు పలచనై
గోదారి అవతలి ఒడ్డుననే ఆగింది.
పూసినోళ్ల సీసా ఒడిసినట్టున్నది.

పోయిన శ్రావణంల
మా మేనకోడలి గోర్లరంగు తీసి
ఓ మగదాని రెక్క అంచుకు చుక్క పెట్టిన. ఊకెనే.
మూడోనాడు పొద్దుగాల సిరోంచ నుంచి
మా ఆడబిడ్డ పోసుబాయి ఫోను:
"వదినా, మా బుట్ట మీద పెండ్లికొడుకు వాలిండు,
గోర్లరంగు ఏసుకొని!"

నది మీద వంతెన ఉన్నది.
అది బస్సులకు.

ఎంత దూరం పోతదో నాకేమెరుక?
ఆడిది కదలదు, బుట్ట అంచు పట్టుకొని ఏలాడుతది.
దాని వాసన పోతది చీకట్ల.
వాసనకు ఏ రంగు పూస్తవు నువ్వు?

అరె, మాటల్ల పడి సూడనే లేదు.
నీ స్కేలు మీదికి ఎక్కింది.
పన్నెండు కాడి నుంచి పదిహేను దాక
గుడ్లు పెట్టుకుంట పోతున్నది,
గీతలు అవుపడకుంట.
గోకకు, పగుల్తయి.
తొమ్మిది రోజులైతది అవి చిట్లేసరికి.

స్కేలు ఇక్కడనే పెట్టిపో.
ఆ పటం మడుచుకో.
నీ చాయ్ సల్లారింది, ఇంకింత పోస్త.