తడవు

సెడూనా ఊరి చివర, గోధుమ కోసిన మోళ్ళ మధ్య
నడుమెత్తు సిమెంటు దిమ్మె,
దాని నెత్తిన బోర్లించిన తెల్లటి గిన్నె.
మూణ్ణెల్లకోసారి వచ్చి
గలా పిట్టల రెట్ట తుడిచిపోవడం నా ఉద్యోగం.

ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి
ఉపగ్రహాలు టైము చెప్తూనే ఉంటాయి.
శూన్యమంతా తొణక్కుండా దాటిన మాట
ఆఖరి పది కిలోమీటర్లలో, మన గాలిలో,
కాస్త తడబడుతుంది.
గాలి ఎంత తడిస్తే మాటకి అంత తడవు.
ఆ ఆలస్యాన్ని ఇక్కడ సెంటీమీటర్లలో కొలుస్తాం.

దారి చూపేవాళ్ళకి అదొక పొరపాటు,
లెక్కగట్టి పారేసేవాళ్ళు.
ఆ చెత్తబుట్టలో చెయ్యిపెట్టిన మనిషెవరో
వేళ్ళు తడిగా బయటికి తీశారు.

మొన్న మంగళవారం
కంచె అవతలి బెరిల్ ట్రెలోర్
ఇంజిన్ ఆపకుండానే ట్రక్కులోంచి అడిగింది.
"ఏమంటోంది నీ గిన్నె?"
"నిన్న ఎనిమిది. ఇవాళ పంతొమ్మిది."
"వానేనా?"
"కాదు, ఆలస్యం."
ఆమె నవ్వలేదు.
పదకొండు నెలలుగా కొన్న నీళ్ళతో
గొర్రెల్ని సాకుతున్న మనిషి.

ఆకాశం తుడిచిన గాజులా ఉంది.
మబ్బు తునక లేదు.
ఆ గాజు వెనక ఎవరో
చప్పుడు చెయ్యకుండా కుండలు మోసుకెళ్తున్నారు.
పావుగంటకోసారి ఆ బరువు
అంకెగా మారి మెల్బోర్న్ పోతోంది.

గురువారం
బెరిల్ రేకుల మీద పదహారు చినుకులు.
తనే లెక్కపెట్టి మెసేజ్ పెట్టింది.
మిగతా నీళ్ళన్నీ తూర్పుకి నడిచి
మిల్డ్యూరాలో కురిశాయి.
అక్కడ ద్రాక్ష ఎండబెట్టినవాళ్ళు
బుధవారం రాత్రే టార్పాలిన్లు కప్పేసుకున్నారు,
ఈ దిమ్మె సంగతి తెలియకుండానే.

ఆలస్యం అమృతం విషం అని
బళ్ళో వల్లెవేసినవాణ్ణి.
ఎవరికి అమృతమో ఆ శ్లోకంలో లేదు.

ఇంకో కాగితం ఉంది నా బండిలో.
పంతొమ్మిదేళ్ళ అంకెలన్నీ ఒకే గీత,
ఎడమ నుంచి కుడికి
చీమకి మాత్రమే తెలిసే ఎత్తు.
పైన నీళ్ళు పెరుగుతున్నాయి,
కింద తొట్టి అడుగు కనబడుతోంది.
చూపించమని అడిగింది బెరిల్.
వచ్చేసారి, అన్నాను.

గుడ్డ తడిపి గిన్నె తుడిచాను.
నా చెయ్యి అడ్డొచ్చిన ఆ అర నిమిషం
లెక్కల్లో ఎక్కడో చిన్న మరకై ఉంటుంది.
ఎవరైనా చూసి అడిగితే
అది వాన కాదని చెప్పండి.