ఎరుపుకి రెండు కొసలు

మిర్చి యార్డులో ఆరింటికే తుమ్ములు మొదలవుతాయి.
నా కెమెరాకి ఘాటు తెలీదు,
దాని అదృష్టం.

టిక్కీ మూతి విప్పి
గోనె మీద గుప్పెడు తేజ కాయలు పరిచి
ఫొటో తీస్తాను, మళ్లీ తీస్తాను.
రేకుల సందులోంచి ఎండ పడితే ఒక ఎరుపు,
మబ్బేస్తే ఇంకో ఎరుపు,
నీలం పట్టా పక్కన పెడితే
అదే కాయ జ్వరం తగిలినట్టు ఉంటుంది.

ప్రతి చుక్కకీ మూడు అంకెలు.
నూటతొంభైరెండు, ఇరవైఒకటి, ముప్పై:
ఇది కాయ.
రెండువందల పది, నూటతొంభై, నూటయాభైఎనిమిది:
ఇది తాలు.
ఈ రెంటికీ మధ్య ఉన్నదాని కోసమే
నాకు జీతమిస్తున్నారు.

తొడిమలు తీసే మస్తాన్‌బీ
నా స్క్రీన్‌లోకి ఒకసారి వంగి చూసింది.
"ఇదేం తోటమ్మా, అన్నీ అంకెలే కాసినయ్."

రాత్రి బ్రాడీపేట గదిలో
ఆ మూడంకెల్నీ విప్పి
రంగుని గాజులా గుండ్రంగా చుట్టాను.
సున్నా దగ్గర ఎరుపు,
అరవై దగ్గర పసుపు, నూటఇరవైకి పచ్చ,
నీలం, వంకాయ రంగు దాటి
మూడువందల అరవైకి మళ్లీ ఎరుపే.
ఒక కాయ మూడు డిగ్రీల దగ్గర,
ఇంకోటి మూడువందల యాభైఏడు దగ్గర.
గోడకి ఇటొకరూ అటొకరూ, అంతే.
సగటు తియ్యమన్నాను.
నూటఎనభై అంది.
గుంటూరులో నెమలికంఠం రంగు మిరపకాయలు పండాయని
ఏ మాత్రం తడబడకుండా
నా ప్రోగ్రాం చెప్పింది.

నవ్వొచ్చింది. తర్వాత నిద్ర రాలేదు.
కోణాల్ని కాదు, దిక్కుల్ని కలపాలని
తెలిసేసరికి రెండున్నర.

ఇంకో తిప్పలుంది.
ఎండ మారినా మారని తెలుపు
ప్రతి ఫొటోలో ఒక మూల ఉండాలి,
దాన్ని పట్టుకుని మిగతా రంగులన్నీ సరిచెయ్యాలి.
నేను తెచ్చిన అట్టముక్క
మొదటిరోజే కారం పట్టి ఎర్రబడింది.
మస్తాన్‌బీ రవికెలోంచి కూలి చీటీ తీసి
వెనక్కి తిప్పి కాయల పక్కన పెట్టింది.
"అయ్యాక ఇచ్చెయ్. దాని మీదే డబ్బులు."

ఇప్పుడు వందకి తొంభైనాలుగు సరిగ్గా చెబుతోంది.
షావుకారు వీరాంజనేయులు
మిగతా ఆరు ఎప్పటికి అని అడుగుతున్నాడు.
ఆ ఆరూ ఆమె ముందు పోశాను.
చూడలేదు.
ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది,
గింజ గలగలమంటే ఇటు,
లేకపోతే అటు.
నా దగ్గర దానికి గడి లేదు.

సాయంత్రం పాత ఫొటోలు వరసగా తెరిచాను.
కాయల్ని కోసేసి మూలలు మాత్రం ఉంచాను.
సోమవారం చీటీ: రెండువందల యాభై, రెండువందల నలభైతొమ్మిది, రెండువందల నలభైఆరు.
గురువారానికి పచ్చా నీలం పడిపోయి
చివరి రెండూ నూటతొంభై లోపే.
తెలుపని నేను రాసుకున్న అంకె
రోజుకింత ఎర్రబడుతోంది.

కొత్త చీటీ ఉంటే ఇవ్వమన్నాను.
ఈ చీటీ డబ్బులే ఇంకా రాలేదంది.