తూకం

ఇరవై ఏడేళ్ల డీజిల్ బండి.
నాలుగు లక్షల పన్నెండు వేల దగ్గర
ఓడోమీటరు అలిగి ఆగిపోయింది,
బండి మాత్రం ఆగలేదు.

టర్బో పెద్దది వేయించుదామని
టూవూంబాలో మెర్విన్ షెడ్డుకి వెళ్లాను.
చేతుల జిడ్డు గుడ్డకు తుడుస్తూ
"లాగడానికేం, లాగుతుంది.
కొండ దిగేటప్పుడు ఆపేదెవరు?" అన్నాడు.

జూన్ జీతమంతా ఆ షెడ్డులోకే నడిచి వెళ్లింది.
కారవాన్‌కి బ్రేకు కంట్రోలరు.
వెనక కుంగిపోయిన కమాను కట్టల చోట కొత్తవి.
గేరుబాక్సు నూనెకి అరచేయంత కూలరు.
పాత రేడియేటరు విప్పితే
జాలీ నిండా ఎర్రమట్టి,
ఒక మిడత రెక్క, ఏ ఏటిదో.

టర్బో ఊసే ఎత్తలేదు మెర్విన్.
నేనూ ఎత్తలేదు.

వేబ్రిడ్జి మీద నిలబెడితే
నూట నలభై కిలోలు ఎక్కువ.
నేను వకుళ పిండి రుబ్బే గ్రైండరు వైపు చూశాను.
వకుళ నా పనిముట్ల పెట్టె వైపు చూసింది.
తూకం కుర్రాడు ఎటూ చూడలేక
టీ కప్పులోకి చూసుకున్నాడు.

నీళ్ల ట్యాంకు సగానికి పైగా ఒంపేశాం.
పెట్టె దిగింది.
గ్రైండరు దిగలేదు.

శనివారం పొద్దున, మంచు ఇంకా విడవకముందే,
రెండో గేర్లో కొండ దిగాం.
పాల ట్యాంకరు హారన్ కొట్టి మరీ దాటిపోయింది.
వెనకున్న ఇల్లు మమ్మల్ని నెట్టలేదు,
కొత్త చోటికి వచ్చిన చుట్టంలా
అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది.
లోపల ఎక్కడో గ్రైండరు రాయి
ఒక్కసారి కదిలి, సర్దుకుంది.

ఎక్కడం సంగతంటారా,
తిరిగొచ్చేటప్పుడు చూద్దాం.