నల్ల జెండా

ఈ కొండ మీద నా ఉద్యోగం చూడటం. అంతే.
పొద్దున ఎనిమిది నుంచి
ఫిష్ హుక్ అఖాతాన్ని
కళ్ళలో వత్తులేసుకుని చూడటం.
మెరుపు కోసే కళ్ళద్దాలు, ఒక రేడియో,
గాలికెగరకుండా రాయి పెట్టిన చిట్టా పుస్తకం.

నాకు ఈత రాదు.
కింద ఇసుకలో సైరన్ చూసుకునే లుబబాలో నవ్వుతాడు:
"గట్టునున్నవాళ్ళు ఎన్నైనా చెబుతారు, నొమవేతూ,
నువ్వు మరీ కొండెక్కి చెబుతున్నావు."

నాలుగు జెండాలు మాకు.
ఆకుపచ్చ: నీళ్ళు తేట, ఏమీ కనపడలేదు.
ఎరుపు: ఇందాకే చూశాం, ఇంకా నమ్మకండి.
తెల్లదాని మీద సొర బొమ్మ: ఉంది, బయటికి రండి.
నల్లదానికి మాత్రం ఎవరూ భయపడరు.
దాని మాట ఇంతే:
నాకు కనపడటం లేదు.

"ఉన్నట్టా, లేనట్టా?" అడిగింది హెస్టర్ ఓసారి,
డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, పసుపు టోపీ,
వేలికి తళతళలాడే వెండి ఉంగరం.
తెలీదన్నాను.
"తెలీదని చెప్పడానికి జీతమా?"
ఉంగరం తీసెయ్యమ్మా, నీళ్ళలో అది చేప పొలుసులా మెరుస్తుందన్నాను.
విననట్టే వెళ్ళిపోయింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దు.
రాత్రంతా ఆగ్నేయపు గాలి, నీళ్ళు కలకబారి
కడుగునీళ్ళలా ఉన్నాయి.
అలివి వల లాగుతున్నారు జాలర్లు,
వల చుట్టూ సీళ్ళు,
పైనుంచి పక్షులు బాణాల్లా పడుతున్నాయి.
అంత విందు జరిగేచోట
పిలవని చుట్టం రాదని ఎలా చెప్పను?
నల్ల జెండా ఎత్తాను.
అందరూ ఒడ్డునే ఆగారు.
హెస్టర్ ఒక్కతే
అందరికీ దూరంగా, ఒంటరిగా,
పసుపు చుక్కై లోపలికి పోయింది.

ఏమీ కాలేదు.
అరగంటకి తిరిగొచ్చి, తుడుచుకుంటూ
కొండకేసి చెయ్యి ఊపింది,
"చూశావా" అన్నట్టు.
చూడలేదు. అదే కదా నా బాధ.

మర్నాడు నీళ్ళు గాజు.
పదింటికి, అలలు విరిగే గీతకి అవతల
ఒక నీడ.
కెల్ప్ నాచు నీడ ఉన్నచోటే ఊగుతుంది.
ఇది ఊగలేదు.
ఎక్కడికి పోవాలో తెలిసినదానిలా పోతోంది.

తెల్ల జెండా. సైరన్.
లెక్కపెట్టాను: ముప్ఫై ఆరు తలలు,
ఇరవై, తొమ్మిది, రెండు,
ఒక పసుపు టోపీ.
నా గొంతు తనకందదు.
అయినా పైనుంచి గొణుగుతూనే ఉన్నాను:
కాళ్ళు తపతప కొట్టకు,
కంగారుపడకు, నెమ్మదిగా,
ఒడ్డుకేసి, ఒడ్డుకేసి.
నీడ ఒంపు తిరిగి
తన దారిన తను పోయింది,
మా సైరన్ తనకి కాదన్నట్టు.

కాసేపటికి లుబబాలో రేడియోలో హెస్టర్ గొంతు,
ఇంకా వణుకుతూ:
"నిన్న కూడా ఉందా?"
నేను నీళ్ళు నమలలేదు.
"తెలీదు," అన్నాను.
చాలాసేపు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఇప్పుడు నల్ల జెండా రోజుల్లో
టోపీ పెట్టుకునే బెంచీ మీద కూర్చుంటుంది.
ఉంగరం మెడలో గొలుసుకి చేరింది,
నీళ్ళకెళ్ళేటప్పుడు గొలుసు లుబబాలో జేబుకి.

నాకు ఈత నేర్పుతానని పట్టుబట్టి
సెలవురోజున చెయ్యి పట్టి తీసుకెళ్ళింది.
నడుము లోతులో చలికి పళ్ళు కొట్టుకుంటుంటే
మొదటిసారి కిందనుంచి కొండని చూశాను.
అగ్గిపెట్టెంత గుడిసె.
లోపల ముఖం కనపడలేదు.
ఆకుపచ్చ జెండా ఎగురుతూనే ఉంది.

అయినా అడిగాను:
"ఇవాళ డ్యూటీలో ఎవరు?"