రెండో లాగుడు

మే నెల. పాతూరు మీంచి దుమ్ముగాలి.
ల్యాబు కిటికీకి తడి గోనెపట్టా కట్టాను.
సిలికాన్ రబ్బరు ఈ ఎండకి
డబ్బా మీద రాసిన టైముకంటే ముందే తోడుకుంటుంది.
అనంతపురంలో అన్నీ అంతే, పాలు విరగడంతో సహా.

డంబెల్ ఆకారంలో కోసిన ముక్క,
నడుం దగ్గర నాలుగు మిల్లీమీటర్లు.
రెండు దవడల మధ్య బిగిస్తాను.
లాగుతాను. వదుల్తాను.
మొదటిసారి అడిగినంత బలం
రెండోసారి అడగదు.
తెర మీద, వెళ్ళిన గీత మీద
వచ్చిన గీత పడదు.
రెంటి మధ్యా నెలవంకంత జాగా మిగుల్తుంది.
నా మూడేళ్ళు అందులోనే పోయాయి.

మా సారు దాన్ని నష్టం అంటారు,
వేడైపోయిన శక్తి అంటారు.
చిన్నప్పుడు రబ్బరుబ్యాండు పెదవికి ఆనించి
టక్కున సాగదీసేవాళ్ళం. వెచ్చన.
వదిలితే చల్లన.
ఆ ఆటకో పేరుందని ఎమ్‌టెక్‌లో తెలిసింది.
తెలిశాక మళ్ళీ ఎప్పుడూ
పెదవికి ఆనించలేదు.

మా నాయన కుళ్ళాయప్ప.
దూదేకుల, ఇంటిపేరూ అదే, పనీ అదే.
గుదియతో నారి మీద కొడితే
టంయ్‌మని గది గదంతా తెల్లగా లేచేది.
నారి ఎంత బిగువుండాలో
ఆయన చెవికి తెలుసు, కొలత లేదు.
"కొత్త పరుపు మొదటి రాత్రి మనిషిని నమ్మదు పాపా.
రెండో రాత్రికి
నడుం యాడ పెడతాడో తెలుసుకుంటాది."
నా థీసిస్ మొదటి అధ్యాయం మొత్తం ఇదే.
కానీ రాయలేను,
ఈ మాటకి రిఫరెన్సు నంబరు లేదు.

ఇప్పుడు హాస్టల్లో ఫోము పరుపులు.
నాలుగు వందల పన్నెండు.
టెండరు కాగితం నోటీసు బోర్డు మీద
ముందు చూసింది నేనే.
నాయనకి చెప్పింది మాత్రం నేను కాదు.
నా ప్రాజెక్టు డబ్బు ఆ ఫోము కంపెనీదే,
అదీ చెప్పలేదు.

గురువారం అరవై ఏడో లాగుడుకి కరెంటు పోయింది.
మర ఎక్కడిదక్కడ ఆగింది,
ముక్క సాగింది సాగినట్టే, చీకట్లో.
ఆ పొద్దే నాయన వచ్చాడు,
హాస్టలు పారేస్తున్న పాత పరుపుల దూది
కిలోల లెక్కన కొనుక్కుపోవడానికి.
వాచ్‌మన్ ఖాదర్‌వలీ
నా ల్యాబులో స్టూలేసి కూచోబెట్టాడు.
గంటన్నర.
దూది రేటు మాట్లాడుకున్నాం,
తాడిపత్రిలో చిన్నత్త మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం.
మిగతాది ఇద్దరం విసనకర్రకి వదిలేశాం.

కరెంటొచ్చింది.
పోయే ముందు నోటుబుక్కులో రాసుకున్నది
పదకొండు న్యూటన్లు.
ఇప్పుడు తెర మీద ఎనిమిదిన్నర.
ఎవరూ లాగలేదు, ఎవరూ వదల్లేదు.
పట్టు పట్టినట్టే ఉంది,
లోపలెక్కడో సడలింది.

నాయన అది చూడలేదు.
బల్ల మీదున్న ఫోము దిమ్మె చూస్తున్నాడు.
అడక్కుండానే బొటనవేలు గుచ్చి తీశాడు.
గుంట లేస్తుంటే
పెదాలు కదుపుతా లెక్కపెట్టాడు.
"ఏడు."
మళ్ళీ అక్కడే గుచ్చాడు.
"తొమ్మిది. రెండోసారి ఆలస్యం."
"అవును నాయనా."
"వెయ్యిసార్లకి?"
"ఇంకా చెయ్యలేదు."
"చెయ్ మరి. పండుకునేది పిల్లోళ్ళు."

కింద సైకిలు దగ్గర
తనకంటే ఎత్తు మూట.
పాత ట్యూబు కోసి చేసిన పట్టీ తీశాడు.
నేను పైనుంచి చూస్తున్నాను.
కట్టే ముందు దాన్ని
రెండు చేతుల్లో బారెడు పొడుగు
ఊరికే ఒకసారి లాగి వదిలాడు.
రెండో లాగుడుకి కట్టాడు.