ఏడు చుట్లు

కాజీపేట నుంచి ఫాతిమానగర్ పోయే తొవ్వల
నా మోటర్ వైండింగ్ షాపు.
ముప్పై ఒక్కేండ్ల కాలిన తీగ వాసన నాది.
సబ్బుతోని పోదు, అన్నం ముద్దల గూడ ఉంటది.

ఆ పిల్ల వచ్చి గడప అవతల్నే నిలవడ్డది.
"ఏడు చుట్లు కావాలె. తీగ కాదు, రాగి గొట్టం.
లోపల్నుంచి నీళ్లు పారాలె."
కొలతలు అరచేతి మీద రాస్కొచ్చింది.
పేరు అజ్మీర స్వరూప, డోర్నకల్ దిక్కు.
"గుర్తు వట్టలేదా మామా? వోల్టేజి లేని ఏండ్లల్ల
మా నాయిన మోటరు మోసుకొస్తుండె,
నేను గీ గడప మీదనే కూసుంటుంటి."
నాకు మనుషులు యాదికుండరు, మోటర్లుంటయి.
ఐదు హార్స్‌పవర్, ఆకుపచ్చ రంగు, మూతికాడ సొట్ట...
ఆఁ. గుర్తొచ్చిండు మీ నాయిన.

గొట్టంల సన్నిసుక దట్టిచ్చి, రెండు కొసలు మూసి,
పాత షాఫ్టు చుట్టు మెల్లగ వంచిన.
ఇసుక లేకుంటె రాగి మడతవడ్తది.
నాలుగు చుట్లు సక్కగొచ్చినయి,
ఐదో చుట్టుకాడ చెయ్యి వణికింది.

ల్యాబుకు నేనే పట్కపోయిన, బండి ముందు బోనాం లెక్క వెట్టుకొని.
చిటికెన వేలంత గాజుసీసల నల్లనీళ్లు.
పక్కకు అయస్కాంతం పట్టంగనే
పల్లేరుకాయ లెక్క ముండ్లు లేచినయి.
"ఏందిది?"
"ఇనుమే మామా. తుప్పుకు తమ్ముడసొంటిది.
వెంట్రుకకు అడ్డంగ నిలవెడ్తె ఐదువేల పలుకులు వడ్తయి."

స్విచ్చేసింది. సప్పుడు లేదు.
సెకనుకు లక్షలసార్లు కరెంటు అటు ఇటు మర్లుతదట,
పలుకు పలుకూ దాని ఎంబడి మర్లవోయి
జరంత వెనకవడ్తదట,
ఆ వెనకవడ్డదే వేడి అయితదట.

గిది నాకు తెల్వదా?
నా బతుకంత గీ వేడితోనే కొట్లాట.
రేకు మీద రేకు పేర్చి, నడుమ వార్నిష్ పూసి,
ఇనుము కాగకుండ ఎన్ని తిప్పలు!
కాగే మోటరంటె రోగపు మోటరు.
గీ పిల్ల ఆ రోగాన్నే మందు జేస్తాంది.

ముప్పై ఏడు. ముప్పై తొమ్మిది. నలభై ఒకటి.
నలభై మూడుకాడ అంకె ఆగింది.
"కరెంటు తీసినవా?"
"తియ్యలే. అండ్ల జింకు కలిపిన.
అంత కాగంగనే అయస్కాంతం తన సంగతి తనే మరుస్తది.
చల్లారితె మల్ల యాదికొస్తది."
ఇన్నేండ్లల్ల ఇంత సక్కగ ట్రిప్పయే స్టార్టరు నేను సూడలే.

"నలభై మూడేనా? మే నెలల నా రేకులకింద నలభై ఆరు!"
నవ్వింది. "ఎండను ఒళ్లు చెమటజేసి బయటేస్తది.
గడ్డకు ఆ తెలివి లేదు మామా.
నెత్తురు సక్కగ తిరగదు,
వచ్చిన వేడిని ఎటు పంపాల్నో దానికి ఎరికలేదు.
పక్క మాంసం ఓర్సుకుంటది, అది ఓర్వది."

"మరి మనిషికి ఎప్పుడు?"
"ఇప్పుడైతె సీసల పెంచిన కణాలే.
తర్వాత ఎలుకలు. దాని తర్వాత..."
వేళ్లు మడుసుకుంట పోయింది.
ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అందుకున్నది.
నేను కిటికీల నుంచి బయటికి సూసిన.
అంగి జేబుల ఎంజీఎం చీటీ ఉన్నది.
దాని మీద పేరు నాది గాదు.
తియ్యలే.

"చుట్లకు ఎంత మామా?"
"గొట్టం పైసలియ్యి చాలు.
ఇంకో కాయిల్ కావాలంటె జెప్పు,
ఐదో చుట్టు జర వంకరొచ్చింది, సక్కగ జేసిస్త."
ఆమె వంకర సూడనే లేదు.

తెల్లారి పరకాల నుంచి ఒక మోటరొచ్చింది.
విప్పిన, చుట్టిన, సాయంత్రం నడిపి సూసిన.
అలవాటుగ దాని ఒంటి మీద అరచెయ్యి వెట్టిన.
కాగుతాంది.
బేరింగు బిగుసుకున్నది గావచ్చు.
ఆపి మల్ల విప్పాలె.
జరసేపు చెయ్యి తియ్యబుద్ధి కాలె.